మా గుడి ముందు పరదా మీద బేత్లెహేము

క్రిస్మస్ సినిమా అంటే మా ఊళ్లో ఒకటే సినిమా. పేరు కూడా చెప్పనక్కర్లేదు. "ఈ ఏడు సినిమా ఉందా అయ్యగారూ?" అని అడిగితే చాలు, 'కరుణామయుడు' సంగతేనని మా పాస్టరు గారికి తెలిసిపోయేది. 80ల మధ్య కాలం మాట. మాది తెనాలి వైపు కాలవ గట్టున ఉన్న పల్లె. ఊళ్లో లూథరన్ గుడి ఒకటి, దాని ముందు చింతచెట్టు, ఆ పక్కన ఖాళీ జాగా. ఏడాదంతా పిల్లలం గోలీలాడుకునే ఆ జాగా డిసెంబర్‌లో ఒక్క రాత్రికి సినిమా హాలైపోయేది.

సినిమా జీపులో వచ్చేది. ప్రొజెక్టరు, జనరేటరు, మడతపెట్టిన పరదా, రేకు డబ్బాల్లో రీళ్లు, ఇద్దరు మనుషులు. ఆ ఇద్దరికీ అయ్యగారింట్లో కోడికూర భోజనం. మేం వాళ్లు తిన్నంతసేపూ అరుగు కిందే నిలబడేవాళ్లం, ఎక్కడ మనసు మార్చుకుని వెళ్లిపోతారోనని. అప్పటికి వరి కోతలైపోయి కుప్పలు వేసి ఉండేవి. మంచు పడుతుందని ఎవరో ఒకరు బండెడు ఎండుగడ్డి తెచ్చి పరిచేవారు. దానిమీద చాపలు, చాపల మీద దుప్పట్లు కప్పుకున్న ఊరు. మా గుడివాళ్లే కాదు, ఊరి నడిమధ్య ఉండే పెద్దరైతులు, పక్కూరి నుంచి సైకిళ్ల మీద కుర్రాళ్లు, మాకు బట్టలు కుట్టే సాయిబు గారి కుటుంబం, అందరూ వచ్చేవారు. ఆ రోజుల్లో ఊరికే చూపించే సినిమాని ఎవరు వదులుకుంటారు?

రెండు సరుగుడు కర్రలు పాతి పరదా కట్టేవారు. ముందు వైపు జాగా పెద్దవాళ్లతో నిండిపోయేసరికి పిల్లలం పరదా వెనక్కి చేరేవాళ్లం. వెనకనుంచీ బొమ్మ బాగానే కనిపిస్తుంది, కాకపోతే అంతా తిరగబడి ఉంటుంది. పేర్లు పడుతున్నప్పుడు అక్షరాలు అద్దంలో చూసినట్టు ఉండేవి. యేసు ప్రభువు ఎడం చేత్తో దీవించేవాడు. మర్నాడు ఇంట్లో ఆ సీను చేసి చూపిస్తే మా నాయనమ్మ నెత్తిన ఒక్కటేసింది. "ఎడం చేత్తో దీవిస్తాడంట్రా ప్రభువు? పోయి మొహం కడుక్కో."

ఇప్పుడు తల్చుకుంటే నాకు ఆ సినిమాలో సిలువ కంటే పుట్టుక ఘట్టమే ఎక్కువ గుర్తుంది. నిజానికి తెర మీద అది ఉండేది కాసేపే. ప్రభువు జీవితం మీద తీసిన ఏ సినిమా అయినా అంతే. పుట్టుకను చప్పున దాటేసి బోధలకూ, అద్భుతాలకూ, అక్కణ్ణించి సిలువకూ పరుగు తీస్తుంది. పెద్దవాళ్లు వచ్చేది కూడా సిలువ దగ్గర ఏడవడానికే. 'కదిలిందీ కరుణరథం' పాట మొదలైతే ఆడవాళ్లందరికీ కొంగులు కళ్ల మీదికి వెళ్లిపోయేవి. బాలసుబ్రహ్మణ్యం గొంతు, మోదుకూరి జాన్సన్ మాటలు. జాన్సన్ గారు మా గుంటూరు జిల్లావాడే అని పెద్దవాళ్లు గర్వంగా చెప్పుకునేవారు. ఆ పాట ఇప్పటికీ మా వైపు గుడ్ ఫ్రైడే నాడు మైకుల్లో వినపడని వీధి ఉండదు.

కానీ మేం చూసేది క్రిస్మస్ ముందు. మాకు కావలసింది పుట్టుక. సినిమా తొందరపడి దాటేసిన ఆ కాసేపటినీ మా ఊరి ఆడవాళ్లు నిలబెట్టి సాగదీసేవారు. బేత్లెహేములో చోటు దొరక్క తిరిగే సీను వచ్చేసరికి మా పక్కింటి పెద్దమ్మ గట్టిగా తిట్టేది, "నిండు చూలాలిని చూసి కూడా తలుపేసుకుంటారా, మీ ఇల్లు బంగారంగానూ!" పురుళ్లు పోసే ముసలమ్మ ఒకావిడ ఉండేది ఊళ్లో. నన్నూ, మా తమ్ముణ్ణీ, సగం ఊరినీ ఈ లోకంలోకి తెచ్చింది ఆవిడే. ఆవిడకు ప్రతి ఏడూ ఒకటే అనుమానం. "మంత్రసాని ఏదమ్మా? వేన్నీళ్లు ఎవరు కాచారు? బొడ్డు ఎవరు కోశారు?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. అయ్యగారు మాత్రం నవ్వేవారు కాదు. ఒక ఏడు రీలు మార్చే వేళ మైకు తీసుకుని ఆవిడకు జవాబు చెప్పారు: లూకా సువార్తలో మరియే తన కొడుకును పొత్తిగుడ్డలతో చుట్టి తొట్టిలో పడుకోబెట్టిందని ఉంది, అంటే పక్కన సాయానికి ఎవరూ లేరనే అర్థం చేసుకోవాలి అని. ముసలమ్మ కాసేపు ఆలోచించి, "తొలిచూలు పిల్ల, ఒక్కతే చేసుకుందా!" అని ముక్కున వేలేసుకుంది. ఆ ఏడు ఆవిడకు మరియమ్మ మీద గౌరవం పెరిగిందని మా అమ్మ చెబుతుంది.

రీలు మార్చడం అన్నాను కదా, అదో ముచ్చట. 16 ఎం.ఎం. ప్రొజెక్టరులో పెద్ద చక్రానికి పట్టే ఫిల్ము 1600 అడుగులు, ముప్పావు గంట కూడా రాదు. రెండున్నర గంటల సినిమాకు మధ్యలో ఆపి ఆపి చక్రాలు మార్చాలి. టౌనులో హాళ్లకు రెండు ప్రొజెక్టర్లుంటాయి కాబట్టి ప్రేక్షకుడికి తెలీదు. మాకు ఒక్కటే. ఆ ఖాళీలో ఒక కీర్తన, ఒక ప్రార్థన, వేరుశనక్కాయల గంప ఒక చుట్టు. ఒక్కోసారి ఫిల్ము తెగేది. ఆపరేటరు టార్చి నోట్లో పెట్టుకుని, తెగిన ముక్కలు అతికించుకుంటూ ఉంటే మేమంతా చుట్టూ మూగేవాళ్లం. మోకాళ్ల మీద కూర్చుని అతను చేసే ఆ పని నాకు ప్రార్థనకంటే శ్రద్ధగా కనిపించేది. అతికించాక తెగినచోట నాలుగు మాటలు ఎగిరిపోయేవి. ప్రభువు ఏదో చెప్పబోయి ఇంకేదో చెప్పేవాడు. అయినా అందరికీ వాక్యం నోటికి వచ్చు కదా, కిందనుంచే అందించేవారు.

ఆ సినిమా వెనక కథ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్, తమిళంలో 'పాశమలర్' తీసినాయన. దాన్నే మనవాళ్లు ఎన్టీఆర్, సావిత్రిలతో 'రక్తసంబంధం'గా తీశారు. 'కరుణామయుడు' 1978 డిసెంబర్‌లో విడుదలయ్యేనాటికి ఆయన లేడు, ఆ ఏడాది జనవరిలోనే పోయాడు. క్రీస్తు వేషం వేసిన విజయచందర్ ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారి మనవడు. తర్వాత తాతగారి వేషం కూడా ఆయనే వేసి 'ఆంధ్రకేసరి' తీశాడు. ఇంకొన్నేళ్లకు షిర్డీ సాయిబాబా అయ్యాడు. ఆ సినిమా తెనాలిలో ఆడినప్పుడు మా నాయనమ్మను పెద్ద చర్చకు దింపాం. "ప్రభువే బాబా అయ్యాడు నాయనమ్మా" అంటే, "ఆ అబ్బాయి మొహంలో ఏదో ఉందిరా, ఏ దేవుడి వేషమైనా వేసుకోనీ, మనకేం" అంది. మా ఇళ్లలో క్యాలెండర్ల మీద ఉన్న తెల్లదొర లాంటి క్రీస్తును ఆవిడ తీసెయ్యలేదు గానీ, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేటప్పుడు ఎవరి మొహం కనపడేదో నాకు తెలుసు.

ఆ సినిమా మా ఊరి క్రిస్మస్ నాటికను కూడా మార్చేసింది. అంతకుముందు గొల్లలంటే పంచె, తలకు తువ్వాలు, చేతిలో కర్ర, అంతే. సినిమా చూశాక తువ్వాలు చుట్టూ తాడు కట్టాల్సిందేనని మేం పట్టుబట్టాం. జనపనారతో గడ్డాలొచ్చాయి. హేరోదు కిరీటానికి అట్టముక్క సరిపోదని బంగారు రంగు కాగితం కోసం మా మావయ్య తెనాలి వెళ్లాడు. పశువుల పాక సహజంగా ఉండాలని ఒక గేదెదూడను కూడా గుళ్లోకి తెచ్చారు ఓ ఏడు. గబ్రియేలు రెక్కలు చూసి అది బెదిరి, యోసేపు చేతిలో పలుపును లాక్కుని ఆడవాళ్ల వైపు పరిగెత్తింది. దూతకు మాట పెగల్లేదు. మరియ వేషం వేసిన పిల్ల, ఇప్పుడు టీచరు, నిండా చిరాకుతో "భయపడకుడి" అని దూత డైలాగు తనే చెప్పేసింది. ఆ మాట దూడకు చెప్పిందా, దూతకు చెప్పిందా అని ఇప్పటికీ తేలలేదు.

1980లో బాపు గారు తీసిన 'రాజాధిరాజు' కూడా ఒకసారి తెప్పించారు మా కుర్రాళ్లు, జీపు వాళ్లకు సంబంధం లేకుండా, చందాలేసుకుని. అందులో సైతాను నూతన్‌ప్రసాద్. 'కొత్త దేవుడండీ' అని ఆయన పాడుతుంటే పిల్లలందరికీ సైతానే నచ్చేశాడు. మర్నాడు గుడి మెట్ల మీద ఆ పాట పాడినవాళ్లందరికీ వీపు విమానం మోత మోగింది. మళ్లీ ఆ సినిమా మా ఊరు రాలేదు.

ఇంట్లో క్రిస్మస్ సినిమా పాట అంటే మాత్రం 'మిస్సమ్మ'. 1955 నాటిది, మా అమ్మ ఈడుది. రేడియోలో పి. లీల గొంతుతో 'కరుణించు మేరి మాతా' వస్తే అమ్మ చేస్తున్న అరిసెల పాకం వదిలేసి వచ్చి సౌండు పెంచేది. మేం లూథరన్లం, మేరీ మాతకు ప్రార్థన చేసే అలవాటు మాకు లేదు. నాయనమ్మ ఆ మాట గుర్తుచేస్తే, "పాడేది సావిత్రి కదత్తయ్యా" అనేది అమ్మ. దానికి నాయనమ్మ దగ్గర జవాబు ఉండేది కాదు. అసలు ఆ సినిమాకీ క్రిస్మస్‌కీ ఏం సంబంధమని అడగొచ్చు. అరిసెల వాసనకీ ఆ పాటకీ ఉన్న సంబంధమే.

90లలో జీపు రావడం తగ్గింది. టీవీ, వీడియో డెక్కు అద్దెకు తెచ్చి గుళ్లో పెట్టడం మొదలైంది. అప్పుడే 'జీసస్' అనే ఇంగ్లీషు సినిమా తెలుగు మాటలతో వచ్చింది. 1979లో ఇజ్రాయెల్‌లోనే తీశారు, బ్రయన్ డీకన్ అనే నటుడు క్రీస్తు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ భాషల్లోకి వెళ్లిన సినిమా అది, ఇప్పటికి రెండు వేల భాషలు దాటాయి. కథంతా లూకా సువార్త ప్రకారం నడుస్తుంది. లూకాలో గొల్లలున్నారు గానీ తూర్పు జ్ఞానులు లేరు, వాళ్లు మత్తయి సువార్తలో వస్తారు. ఆ తేడా పిల్లలకేం తెలుసు? "జ్ఞానులేరీ, కట్ చేశారా?" అని ఒకటే గొడవ. నాకా సినిమా మీద పెద్ద ప్రేమ కలగలేదు. ఊళ్లూ రాళ్లూ అసలువి కావచ్చు. కానీ పెదాలు ఒకటి కదులుతుంటే మాట ఇంకొకటి వినిపించేది. పురుళ్ల ముసలమ్మ అప్పటికి లేదు. టీవీ ముందు కూర్చున్నవాళ్లెవరూ తెరతో మాట్లాడలేదు.

చదువుకని హైదరాబాద్ వచ్చాక ఈ సినిమాల పిచ్చి నాలో ఇంకో దారి పట్టింది. ప్రభువు పుట్టుకను ఎవరెవరు ఎలా తీశారో చూడాలని. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న సీడీల్లో 'బెన్‌హర్' దొరికింది, 1959 నాటిది. పదకొండు ఆస్కార్లు, రథాల పందెం, ఇవన్నీ అందరూ చెప్పేవే. నన్ను పట్టుకున్నది మొదటి నిమిషం. ఎం.జీ.ఎం. వాళ్ల సింహం ఎప్పుడూ గర్జిస్తుంది కదా, ఈ సినిమాలో నోరు తెరవదు. పుట్టుక సీను ముందుంది, ఆ గర్జన బాగుండదని దర్శకుడు విలియం వైలర్ దాన్ని మాన్పించాడట. నక్షత్రం, పాక, గొల్లలు, జ్ఞానులు, ఆ తర్వాతే సినిమా పేరు. మొత్తం సినిమాలో క్రీస్తు మొహం చూపించరు. మా నాయనమ్మ చూసుంటే డబ్బులు వెనక్కి అడిగేది.

తర్వాత ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో పసోలినీ తీసిన సినిమా చూశాను, 1964 నాటి ఇటలీ సినిమా, మత్తయి సువార్త మీద. పసోలినీ కమ్యూనిస్టు, దేవుణ్ణి నమ్మనివాడు. అయినా సినిమాను పోప్ 23వ జాన్ స్మృతికి అంకితమిచ్చాడు. క్రీస్తుగా వేసింది స్పెయిన్ నుంచి వచ్చిన ఒక విద్యార్థి. సిలువ దగ్గరి వయసు మళ్లిన మరియగా వేసింది దర్శకుడి కన్నతల్లి. సినిమా మొదలవడమే మరియ మొహంతో. పదహారేళ్లుంటాయేమో, మాట్లాడదు. తర్వాత యోసేపు మొహం, అతనూ మాట్లాడడు. అప్పుడు కెమెరా కిందికి వస్తే తెలుస్తుంది ఆ పిల్ల గర్భవతి అని. యోసేపు వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు. ఒక్క ముక్క డైలాగు లేదు. పెళ్లి కుదిరాక ఇలాంటి మాట బయటపడితే మా ఊళ్లో ఎంత రభస జరుగుతుందో నాకు తెలుసు. అందుకే ఆ మౌనం నాకు బాగా తెలిసిన మౌనంలా అనిపించింది. జ్ఞానులు బిడ్డను చూడ్డానికి వచ్చే సీనులో అమెరికా నల్లజాతివాళ్ల పాట ఒకటి వస్తుంది, తల్లి లేని బిడ్డలా ఉందని పాడే పాట. పట్టపగలు, బీద పిల్లలు పరిగెత్తుకొస్తుంటారు, మరియ బిడ్డను ముసలి జ్ఞాని చేతుల్లో పెడుతుంది. ఒళ్లో పిల్లను పక్కింటివాళ్లకు అందించినంత మామూలుగా. నాకు అంతకంటే మంచి క్రిస్మస్ సీను ఇంకోటి కనపడలేదు.

పసోలినీ అదంతా ఎక్కువగా తీసింది ఇటలీ దక్షిణాన మాతెరా అనే ఊళ్లో, రాతి గుహల్లో జనం కాపురాలు చేసిన ఊరు. 2006లో క్యాథరిన్ హార్డ్‌విక్ అనే ఆవిడ 'ది నేటివిటీ స్టోరీ' తీయడానికి అక్కడికే వెళ్లింది. నేను చూసినవాటిలో పుట్టుకను దాటి పరుగెత్తకుండా అక్కడే కథ ఆపిన సినిమా అదొక్కటే. వాటికన్ నగరంలోనే తొలి ప్రదర్శన జరుపుకున్న మొదటి కథాచిత్రం కూడా అదేనంటారు. విమర్శకులకు పెద్దగా నచ్చలేదు. నాకు నచ్చింది, యోసేపు వల్ల. ఆస్కర్ ఐజాక్ ఆ వేషం వేశాడు, అప్పటికి ఎవరికీ తెలియని కుర్రాడు. మన నాటికల్లో యోసేపుది ఏమీ లేని వేషం. డైలాగు రాని పిల్లాడికి ఇచ్చేది. ఇందులో అతను నడిచి నడిచి పాదాలు పగిలి పడిపోతే, నిద్రలో ఉండగా మరియ ఆ పాదాలు కడుగుతుంది. నజరేతు నుంచి బేత్లెహేముకు అంత దూరం ఉందని నాకు అప్పుడే తట్టింది. మా నాటికలో ఆ దూరం గుడి తలుపు నుంచి పల్పిటు దాకా.

ఇవన్నీ చూస్తున్న రోజుల్లోనే 'రాజా హరిశ్చంద్ర' తీసిన దాదాసాహెబ్ ఫాల్కే సంగతి చదివాను. 1910-11 ప్రాంతంలో బొంబాయి గిర్గావ్‌లో ఆయన క్రీస్తు జీవితం మీద ఒక మూగ సినిమా చూశాడు. తెర మీద క్రీస్తు కదులుతుంటే తన కళ్లకు కృష్ణుడూ రాముడూ, గోకులమూ అయోధ్యా కనపడ్డాయని ఆయనే రాసుకున్నాడు. ఆ ఊపులోనే 1913లో 'రాజా హరిశ్చంద్ర' వచ్చింది. మనదేశపు సినిమా మొదలవడమే అలా మొదలైంది. మా ఊరి పెద్దరైతు ఒకాయన పశువుల పాక సీను చూసి "అచ్చం మన వ్రేపల్లె లాగే ఉందిరా" అన్నప్పుడు మేం నవ్వుకున్నాం గానీ, ఆయన ఫాల్కే అన్న మాటే అన్నాడు.

పోయిన క్రిస్మస్‌కు ఊరు వెళ్తే గుళ్లో పెద్ద ఎల్‌ఈడీ తెర పెట్టారు. పాటల అక్షరాలు దానిమీదే వస్తున్నాయి, 'కరుణామయుడు' ముక్కలు కూడా వేశారు. బొమ్మ అద్దంలా ఉంది. దాని వెనక గోడ, పిల్లలు చేరడానికి జాగా లేదు. ఇంటికొచ్చాక మా అన్నయ్య కూతురు టీవీలో 'హోమ్ అలోన్' పెట్టింది. అది క్రిస్మస్ సినిమా ఎలా అవుతుందమ్మా, అందులో ప్రభువు ఎక్కడున్నాడని నేను చాదస్తంగా వాదన మొదలుపెట్టాను. "చూడు బాబాయ్" అంటూ అది ముందుకు జరిపి ఒకచోట ఆపింది. దొంగలు తరుముతుంటే ఆ పిల్లాడు ఒక చర్చి దగ్గరికి పరిగెత్తి, బయట పెట్టిన పశువుల పాక బొమ్మల్లో దూరి, తనూ ఒక బొమ్మలా కదలకుండా నిలబడతాడు. దొంగలు అటుగా వచ్చి, చర్చి దగ్గర భయపడి వెళ్లిపోతారు.

బేత్లెహేములో తలుపేసుకున్నవాళ్లను తిట్టిన పక్కింటి పెద్దమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఎనభై దాటాయి, చూపు సరిగా ఆనదు. తెరకు దగ్గరగా కుర్చీ జరుపుకుని మళ్లీ వేయించుకుని చూసింది.

"బాగా దాక్కున్నాడు. వీణ్ణి గొల్లల్లో కలిపేసుకోండి. అది సరే గానీ, పిల్లాణ్ణి ఒక్కణ్ణే వదిలేసి పండక్కి ఊరెళ్లిన తల్లి ఎవత్తె?" అంది. అది మొదలు సినిమా అయ్యేదాకా ఆ తల్లిని తిడుతూనే ఉంది.